థీసిస్ మీరే ఉంచుకోండి, మా జేజి గొంతు మాకియ్యండి

పరిశోధన అంటే థీసిస్. థీసిస్ అంటే గట్టి అట్ట, దాని మీద బంగారు అక్షరాలు. అది లైబ్రరీ బీరువాలోకి చేరిందంటే పని అయిపోయినట్టే. మన విశ్వవిద్యాలయాల్లో చానా చోట్ల నడుస్తున్న లెక్క ఇది. ఈ లెక్క తప్పని చెప్పడానికే ఈసారి రాస్తున్నాం. థీసిస్ కోసం ఊరూరా తిరిగి పోగేసిన టేపులు, నోటుపుస్తకాలు, ఫోటోలు, పదాల పట్టికలే అసలు సొత్తు. వాటిని ఎవరు దాచాల, ఎక్కడ దాచాల, ఎన్నేండ్లు దాచాల, ఎవరడిగితే ఇయ్యాల? ఈ ప్రశ్నలకు జవాబు రాసిపెట్టుకోని విశ్వవిద్యాలయానికి మన ఇండ్ల గడప తొక్కే హక్కు లేదంటాం. మాట గట్టిగానే ఉంది. ఎందుకంత గట్టిగా అంటున్నామో చదివి మీరే తేల్చండి.

మేము కోలారు వైపు వాళ్లం. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడ. ఒకటి నుంచి పది దాకా కన్నడ మీడియమే. తెలుగు అక్షరాలు తర్వాత మా అంతట మేము నేర్చుకున్నవి. మా రాతలో కన్నడ వాసన తగిలితే తగలనీండి, అది మా ఊరి గాలి. బతుకుతెరువుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాం. ఎవరైనా "అంతా బాగుంది" అంటే "ఏదీ, నడిపి చూపించు" అనడమే మా ఉద్యోగం. ఆ అలవాటుతోనే ఈ విషయం కూడా చూస్తున్నాం.

ముందు మన మాట సంగతి. 2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు దేశంలో 8 కోట్ల పైన. ఒక్క కర్ణాటకలోనే 35 లక్షల పైన. ఇంత పెద్ద భాషకు ఏం ఆపద అని ఎవరైనా అంటారు. కేంద్ర ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన అంతరించిపోతున్న భాషల రక్షణ పథకం, మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థ చేతుల మీదుగా నడిచేది, పది వేల కంటే తక్కువ మంది మాట్లాడే భాషలను చూసుకుంటుంది. మంచిదే. కానీ అందులో మనకు చోటు లేదు, ఎందుకంటే కాగితం మీద మనం 8 కోట్లలో ఒకరం. నిజంలో ఎట్లుంది? నాగలిని మడక అనే మాట, పట్టుపురుగు పొర విడిచే ఒక్కో దశను ఒకటో జ్వరం, రెండో జ్వరం అని లెక్కపెట్టే పద్ధతి, పండిన పురుగును చంద్రికలో వేసేటప్పుడు ఇంటి ఆడవాళ్లు మాట్లాడుకునే మాటలు, కన్నడ క్రియకు తెలుగు తోక తగిలించే మన యాస, ఇవన్నీ ఒక్కో ముసలామెతో ఒక్కొక్కటిగా వెళ్లిపోతున్నాయి. పెద్ద భాష నీడలో ఉన్న చిన్న యాస పోతే ఎవరి లెక్కలోకీ రాదు.

కాబట్టి మన మాటకు దిక్కు విశ్వవిద్యాలయాల పరిశోధనే. భాషాశాస్త్రం, జానపదం, చరిత్ర, మానవశాస్త్రం శాఖల నుంచి ఎవరో ఒక విద్యార్థి రికార్డర్ పట్టుకుని వస్తాడు, వింటాడు, రాసుకుంటాడు. ఇది కొత్తది కాదు. గ్రియర్సన్ నడిపించిన భారత భాషా సర్వేలో ద్రావిడ భాషల సంపుటం 1906లో వచ్చింది. ఆ సర్వే మద్రాసు రాజధానిని, మైసూరు, హైదరాబాదు సంస్థానాలను వదిలేసింది. అయినా కామాఠీ, దాసరి, వడరి అనే పేర్ల కింద బొంబాయి వైపు బతుకుతున్న తెలుగువాళ్ల మాటలకు ఆ సంపుటంలో చోటు దొరికింది. అంటే తెలుగు నడిబొడ్డును వదిలేసిన సర్వేలో గట్టు అవతలి మనవాళ్ల మాట మిగిలింది. ఆ పేజీలను ఈ రోజు ఎవరైనా ఫోనులో తెరిచి చదవొచ్చు.

తర్వాత 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వేసింది. సేద్యం మాటలన్నీ జిల్లాల వారీగా పోగేసిన గొప్ప పని అది. కానీ రాష్ట్రం పేరు మీద జరిగిన పని రాష్ట్రం గట్టు దగ్గర ఆగుతుంది. గట్టుకు ఇవతల మేము, హోసూరులో ఇంకొకరు, బరంపురంలో ఇంకొకరు. మా దగ్గరికి వచ్చేది ఒంటరి విద్యార్థి ఒక్కడే. అందుకే అతను పోగేసింది పోతే దానికి రెండో కాపీ ఎక్కడా ఉండదు.

మా ఇంట్లో జరిగిందే చెప్తాం. విశ్వవిద్యాలయం పేరు రాయం, ఒక్కదాన్ని తిట్టడం మా ఉద్దేశం కాదు. 2003లో ఒక పరిశోధక విద్యార్థి మా జేజి దగ్గర నాలుగు రోజులు కూర్చున్నాడు. రాగులు విసిరేటప్పుడు పాడే పాటలు, పట్టుపురుగుల మాటలు, మా వాళ్లు ఏ కరువులో ఏ దారిన ఈ వైపు వచ్చారో ఆ కథ, అన్నీ పదకొండు క్యాసెట్లు. క్యాసెట్లు ఆ అబ్బాయి సొంత డబ్బుతో కొన్నవే. థీసిస్ ఆమోదమైంది. జేజి 2011లో పోయింది. 2018లో ఆ క్యాసెట్ల నకలు కావాలని మేము శాఖకు జాబు రాశాం, తర్వాత మనిషిని పంపాం. వచ్చిన జవాబు ఇది: థీసిస్ లైబ్రరీలో ఉంది, వచ్చి చదువుకోవచ్చు. క్యాసెట్లు శాఖకే అప్పగించారు, కానీ శాఖ కొత్త భవనంలోకి మారినప్పుడు పాత బీరువాలు ఖాళీ చేశారు. ఏమేం పారేశారో జాబితా లేదు.

థీసిస్ తెప్పించుకుని చూశాం. అందులో మా జేజి "సమాచారదాత 17, స్త్రీ, 71, నిరక్షరాస్యురాలు". ఆమె మాటలు పద్నాలుగు వరుసలు. నాలుగు రోజుల గొంతులో మిగిలింది పద్నాలుగు వరుసలు, ఒక అంకె. ఆ విద్యార్థి మీద మాకు కోపం లేదు. అతను తన పని చేసి, సొత్తును అప్పజెప్పి పోయాడు. అప్పజెప్పించుకున్నవాళ్లకు అది సొత్తని తెలియలేదు. మా పోరు అక్కడ.

"థీసిస్ శోధగంగలో ఉంది గదా, ఇంకేం కావాల?" అంటారు. శోధగంగ మంచి పని. థీసిస్‌ల ఎలక్ట్రానిక్ ప్రతి ఇయ్యాలని 2009లో యూజీసీ నిబంధన తెచ్చింది, ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం వాటిని ఒక చోట చేర్చింది. ఎక్కడో మూలన ఉన్న థీసిస్ ఇప్పుడు ఇంట్లో కూర్చుని చదవగలుగుతున్నాం. కానీ థీసిస్ వండిన అన్నం. డేటా విత్తనం. అన్నం ఎంత బాగా వండినా దాన్ని మడిలో చల్లితే మొలకెత్తదు. రేపు ఇంకొకరు ఇంకో ప్రశ్నతో వస్తారు. యాసలో స్వరం ఎట్లా ఎగిరేదని ఒకరు, పాట ఏ తాళంలో నడిచేదని ఒకరు, కన్నడ మాటలు ఏ తరంలో చేరినాయని ఒకరు. వాళ్లకు కావాల్సింది మూల రికార్డింగు. పరిశోధకుడు తన ప్రశ్నకు పనికొచ్చిన పద్నాలుగు వరుసలే ఏరుకుంటాడు, అది న్యాయమే. మిగతాది పనికిరానిదని తీర్పు చెప్పే అధికారం మాత్రం ఎవరికీ లేదు.

డేటా దానంతట అది బతకదు. 2014లో జీవశాస్త్రజ్ఞులు కొందరు 516 పరిశోధన వ్యాసాలు తీసుకుని, వాటి వెనకాల ఉన్న డేటా ఇంకా ఉందా అని రచయితలను అడిగి చూశారు. వ్యాసం ఒక్కో ఏడు పాతబడే కొద్దీ డేటా మిగిలి ఉండే అవకాశం 17 శాతం చొప్పున పడిపోతూ వచ్చిందని తేలింది. వాళ్లు చూసింది చెట్ల, జంతువుల కొలతలు. చెట్టును ఇంకోసారి కొలవొచ్చేమో. మా జేజిని ఇంకోసారి అడగలేం.

పోయే దారులు కూడా ఒకటి కాదు. క్యాసెట్టు ఉంటుంది, ప్లేయరు ఉండదు. సీడీ ఉంటుంది, మీద రాత ఉండదు. ఫైలు ఉంటుంది, తెరిస్తే పిచ్చి గీతలు. ఇది మన రెండు భాషలవాళ్లకు బాగా తెలిసిన జబ్బు. యూనికోడ్ రాకముందు పద్ధతుల్లో, కన్నడకు ఒక ఫాంటు, తెలుగుకు ఇంకో ఫాంటు పెట్టి టైపు చేసిన పదపట్టికలు ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో చెత్తగా కనిపిస్తాయి. పైగా మా వైపు తెలుగును కన్నడ లిపిలో రాసుకోవడం మామూలు. కైవారం తాతయ్య తెలుగు కీర్తనలను కన్నడ అక్షరాల్లోనే చదువుకుని పాడే ఇండ్లు ఎన్నో. అట్లాంటి నోటుపుస్తకం విశ్వవిద్యాలయానికి చేరితే గుమాస్తా "కన్నడ" అని రాసి పక్కన పెడతాడు. తెలుగు వెదికేవాళ్లకు అది ఎప్పటికీ దొరకదు. మెటాడేటా అని పెద్ద మాట వాడతారు గానీ అది డబ్బా మీద అంటించే చీటీయే. భాష ఏది, లిపి ఏది, ఏ ఊరు, ఏ తేదీ, ఎవరు మాట్లాడారు, ఎవరు రికార్డు చేశారు, ఎవరికి వినే అనుమతి ఉంది. ఈ చీటీ లేని డేటా ఉన్నా లేనట్టే.

"మా దగ్గర బ్యాకప్ ఉంది" అనే మాట కూడా మేము నమ్మం. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో ఏం జరిగిందో చూడండి. సూపర్‌కంప్యూటర్ బ్యాకప్ ప్రోగ్రామును మార్చారు. పాత లాగ్ ఫైళ్లను తుడిచెయ్యాల్సిన ఆ ప్రోగ్రాము అసలు ఫైళ్లనే తుడిచేసింది. 77 టెరాబైట్లు, సుమారు 3.4 కోట్ల ఫైళ్లు, 14 పరిశోధన బృందాలవి. అందులో 4 బృందాల డేటాను బ్యాకప్ నుంచి కూడా తిరిగి తేలేకపోయారు. కాపాడాల్సిన ప్రోగ్రామే ముంచింది. మా వృత్తిలో దీనికి ఒకటే పాఠం: తిరిగి తెచ్చి తెరిచి చూడనంత వరకు బ్యాకప్ అనేది ఒక నమ్మకం మాత్రమే.

అయితే మేము క్యోటోను ఎగతాళి చెయ్యడానికి ఇది చెప్పలేదు. వాళ్లు ఎన్ని ఫైళ్లు పోయినాయో, ఎవరివి పోయినాయో, ఎన్ని తిరిగి రావో లెక్క చెప్పగలిగారు. లోకానికి చెప్పారు కూడా. లెక్క చెప్పాలంటే ముందు జాబితా ఉండాల. మా జేజి క్యాసెట్ల విషయంలో పోయింది ఎంతో చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. పోగొట్టుకోవడం ప్రమాదం కావచ్చు. ఏం పోగొట్టుకున్నామో తెలియకపోవడం నిర్వాకం.

ఇక వాళ్ల వైపు సాకులు ఒక్కొక్కటే చూద్దాం. మొదటిది డబ్బు. మంచి నాణ్యతతో, 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్లు, రెండు ఛానెళ్లుగా చేసిన రికార్డింగు గంటకు సుమారు ఒక గిగాబైటు అవుతుంది. నలభై గంటల ఫీల్డ్‌వర్కు అంటే నలభై గిగాబైట్లు. ఒక పెన్‌డ్రైవులో పట్టేస్తుంది. మూడు చోట్ల మూడు కాపీలు పెట్టినా, ఒక సెమినారుకు వేసే షామియానా ఖర్చు కూడా కాదు. నిజంగా ఖర్చయ్యేది మనిషి. చీటీ రాసే మనిషి, ఏటేటా ఫైళ్లు తెరిచి చూసే మనిషి, పాత ఫార్మాటు నుంచి కొత్త ఫార్మాటుకు మార్చే మనిషి. ఆ పోస్టు ఒకటి కావాలని అడగడానికి బద్ధకించి, డిస్కు ఖరీదు మీద నెపం వేయడం కుదరదు.

రెండోది గోప్యత. "ఆ టేపుల్లో కులాల మాటలు, ఇంటి గొడవలు, ఆస్తి తగాదాలు ఉంటాయి, బయట పెట్టలేం" అంటారు. ఒప్పుకుంటాం. మా జేజి కూడా ఒకరిద్దరు చుట్టాలను గట్టిగానే తిట్టి ఉంటుంది. కానీ దాచడం వేరు, బయట పెట్టడం వేరు. పాటలు అందరికీ, వంశం కథ ఇంటివాళ్లకు, తగాదాల మాట ముప్పై ఏండ్ల తర్వాత అని తలుపుకొక తాళం పెట్టొచ్చు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా పరిశోధనకు, ఆర్కైవులకు షరతులతో మినహాయింపు ఇచ్చింది. తాళం వెయ్యమంటే ఇల్లు కాల్చేసినవాణ్ణి జాగ్రత్తపరుడు అనం.

మూడోది సొంతదారు ఎవరన్నది. "డేటా పరిశోధకుడిది" అని గైడు, "విశ్వవిద్యాలయానిది" అని రిజిస్ట్రారు. ఇద్దరి మధ్య బీరువా. కష్టపడినవాడికి మొదట వాడుకునే హక్కు ఉండాల, రెండేండ్లో ఐదేండ్లో గడువు పెట్టుకోండి. కానీ మాట ఎవరిదో ఆ ఇంటికి ఒక నకలు చేరకుండా ఈ వాదన చెయ్యడం మాకు వింతగా ఉంటుంది. వడ్ల గింజ ఇచ్చిన రైతును వదిలేసి, బియ్యం ఎవరిదని మిల్లరు, దళారి తగువులాడినట్టుంది.

ఇదంతా అయ్యే పనేనా అంటారా? అయిన పనే. డచ్చి పండితుడు ఆర్నాల్డ్ బాకే 1938లో దక్షిణాదిలో తిరిగి పాటలు, ఆటలు రికార్డు చేశాడు. ఆయన శిష్యుడు నజీర్ జైరజ్‌భాయ్, ఏమీ కాట్లిన్ కలిసి 1984లో ఆ రికార్డింగులను పట్టుకుని కర్ణాటక, కేరళల్లోని అవే చోట్లకు వెళ్లారు, అక్కడివాళ్లకు వినిపించారు, ఏం మారింది ఏం మిగిలింది అని చూశారు. నలభై ఆరేండ్ల తర్వాత! మా ఇంట్లో పదిహేనేండ్లకే మాయమైంది. 1938 నాటి యంత్రం 2003 నాటి యంత్రం కంటే గొప్పది కాదు. ఆ రికార్డింగులను చూసుకోవడం ఎవరో ఒకరి ఉద్యోగం, అంతే తేడా. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వాళ్లు 1982లో పెట్టిన సంగీత ఆర్కైవు ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉంది. విదేశాల్లో ఉండిపోయిన మన రికార్డింగుల నకళ్లను తిరిగి ఇక్కడికి తేవడం దాని పనుల్లో ఒకటి. సముద్రాలు దాటి పోయిన గొంతులు తిరిగొస్తుంటే, బస్సులో రెండు గంటల దూరంలో ఉన్న గొంతు రాదా?

కాబట్టి విశ్వవిద్యాలయాలను మేము అడిగేది ఇది. పీహెచ్‌డీకి పేరు నమోదు చేసుకునే రోజే డేటా ఏం చేస్తారో రెండు పేజీల ప్రణాళిక తీసుకోండి. వైవాకు ముందు మూల రికార్డింగులు, నోట్సు, చీటీలతో సహా లైబ్రరీకి అప్పగించినట్టు రసీదు అడగండి. లైబ్రరీలో నో డ్యూ సర్టిఫికెట్ లేకుండా మార్కుల కార్డు ఇవ్వరు గదా, ఇది కూడా అట్లాంటిదే. ఎవరికీ గుత్తగా లేని మామూలు ఫార్మాట్లలో, యూనికోడ్‌లో దాచండి. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ తీసి రాసిపెట్టండి. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ అంకె మారిపోతుంది కాబట్టి పాడైన సంగతి ఇట్టే తెలుస్తుంది. మూడు కాపీలు ఉంచండి, ఒకటి వేరే ఊళ్లో. ఏడాదికొకసారి ఏవో పది ఫైళ్లు తీసి తెరిచి చూసి, ఫలితం నోటీసు బోర్డులో పెట్టండి. అన్నిటికంటే ముందు, దీనికి జవాబుదారీ ఎవరో ఒక పదవి పేరు చెప్పండి. "శాఖ చూసుకుంటుంది" అంటే ఎవరూ చూసుకోరని అర్థం.

కొందరు దీన్ని భాషల తగవుగా మార్చాలని చూస్తారు, "కన్నడ నాట తెలుగు టేపులు ఎవరు దాస్తారు" అని. ఆ మాట మేము ఒప్పుకోం. మాకు అన్నం పెట్టింది కన్నడ చదువు. మా జేజి టేపుల్లో ఉన్నది కర్ణాటకలోని ఒక ఊరి చరిత్ర, ఒక రైతు ఇంటి చరిత్ర. అది ఏ భాషలో ఉన్నా ఈ రాష్ట్రం సొత్తే. అట్లాగే తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు మమ్మల్ని ఉగాది సభలకు పిలిచి శాలువా కప్పితే చాలదు. బయటి తెలుగు రికార్డింగులకు ఒక అర కేటాయించండి, నకళ్లు తీసుకోండి. శాలువా రెండేండ్లకు చిరుగుతుంది.

మనవాళ్లకు కూడా ఒక మాట. రేపు మీ ఇంటికి రికార్డరు పట్టుకుని ఎవరైనా వస్తే వెనక్కి పంపొద్దు. కాఫీ ఇయ్యండి, అవ్వనో తాతనో కూర్చోబెట్టండి. మైకు పెట్టకముందు మాత్రం నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ రికార్డింగు ఎక్కడ దాస్తారు? ఎవరెవరు వినొచ్చు? మా ఇంటి కాపీ ఎప్పుడిస్తారు? మీరు ఉద్యోగం మారినాక మేము ఎవరిని అడగాల? జవాబులు కాగితం మీద రాయించుకోండి, తేదీ వేయించుకోండి, ఆ కాగితాన్ని పట్టా పాసు పుస్తకంతో పాటు పెట్టెలో పెట్టండి. జవాబులు లేవంటే, పోయి గైడును అడిగి రమ్మని మర్యాదగా చెప్పండి. ఒక్కో ఇల్లు ఇట్లా అడగడం మొదలుపెడితే, ఆ ప్రశ్నలు మెల్లగా గైడు దగ్గరికి, అక్కడి నుంచి రిజిస్ట్రారు బల్ల మీదికి చేరతాయి.

భూమి పత్రం పోతే ఆఫీసుల చుట్టూ పదేండ్లు తిరిగే జనం మనం. గొంతు కూడా ఆస్తే. దానికీ ఒక పత్రం అడుగుదాం.